బ్యాగుల కాడ ఎవరూ కూర్చోకుండా వండర్‌లా చూసి రావడం ఎలా

నేను ఎక్కిన మొదటి రైడ్ వరంగల్ దగ్గరి ఐనవోలు జాతరలో రంగులరాట్నం. సంక్రాంతికి మల్లన్నకు బోనం చేసి, రంగుల ముగ్గుతో పట్నం వేయించి గుడి బయటికి రాగానే బాపు నా చెయ్యి పట్టుకొని నేరుగా అక్కడికే తీసుకుపోయేవాడు. దానికి మోటారు లేదు. ఇద్దరు మనుషులు ఇనుప కడ్డీల మీద ఎగబాకి, తమ బరువుతోనే దాన్ని తిప్పేవాళ్లు. తొట్టి పైకి పోతే కింద జనమంతా పసుపు బండారు పూసుకొని పచ్చటి ముద్దలా కనబడేది. కిందికి దిగుతుంటే కడుపులో చల్లగా ఏదో జారేది. ఇప్పుడు పరకాల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. గురుత్వాకర్షణ పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ జారుడే ముందు గుర్తొస్తుంది.

హైదరాబాద్ అవతల వండర్‌లా అని రైడ్ల పార్కు ఉంది. అక్కడికి ఇప్పటికి నాలుగుసార్లు పోయాను. రెండుసార్లు బడి పిల్లలతో, రెండుసార్లు ఇంటివాళ్లతో. స్టాఫ్ రూములో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: ఎట్ల పోవాలె, ఏం తీసుకుపోవాలె, ముసలోళ్లను తీసుకుపోవచ్చా అని. వాళ్లకు చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను. ముందుగా నేను చేసిన తప్పు చెప్పాలి.

ఇంటివాళ్లతో మొదటిసారి పోయినప్పుడు అత్తమ్మను బ్యాగుల కాడ కూర్చోబెట్టాం. ఏప్రిల్ నెల. "నాకేం గావాలె బిడ్డా, మీరు పోయి ఆడుకోండ్రి" అన్నది, మేం నిజంగానే పోయాం. చెప్పులు, తువ్వాళ్లు, నాలుగు ఫోన్లు, ఆఖరుకు నా పుస్తెలతాడు కూడా ఆమె కొంగున ముడేసి పోయాను. తిరిగొచ్చేసరికి నాలుగు గంటలైంది. నీళ్ల కోసం లేస్తే బ్యాగులు ఎవరైనా ఎత్తుకపోతారేమోనని ఆమె దాహం ఆపుకొని కూర్చుంది. ఆ సంగతి కూడా ఆమె చెప్పలేదు. పెదవులు చూసి నేనే అడిగితే బయటపడింది. ఆ రోజు మేం ఎక్కినవన్నీ నా మనసులో చేదైపోయాయి.

అందుకని నా మొదటి మాట: గేటు దాటగానే లాకరు అద్దెకు తీసుకోండి. అన్నీ అందులో పెట్టి తాళం వేయండి. బంగారం అయితే అసలు ఇంట్లోనే పెట్టి పోండి. బ్యాగుల కావలి అనే పని ఆ రోజు ఇంట్లో ఎవరికీ ఉండకూడదు.

ఏ పార్కు ఎవరికి

నిజానికి థీమ్ పార్కు అంటే ఒక కథలోకి నడిచిపోయినట్టు ఉండే చోటు. అమెరికాలో అనాహైమ్‌లో 1955 జులై 17న తెరిచిన డిస్నీలాండ్‌తో ఆ పద్ధతి లోకమంతా పాకింది. ఆ లెక్కన మన దగ్గర దానికి దగ్గరగా ఉండేది రామోజీ ఫిల్మ్ సిటీ. వండర్‌లాది రైడ్ల లోకం. మనం మాత్రం రెండింటినీ థీమ్ పార్కులనే అంటాం, అందులో తప్పేమీ లేదు.

వండర్‌లా హైదరాబాద్ అవతల రావిర్యాల దగ్గర 2016లో తెరిచారు. కొచ్చిలో 2000లో, బెంగళూరులో 2005లో పెట్టినవాళ్లే ఇక్కడా పెట్టారు. పదేళ్లు దాటిన పిల్లలు, కాలేజీ పోరగాళ్లు, గట్టి గుండెలున్న పెద్దలు ఉంటే ఇదే సరైనది. రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక వస్తుంది. 1,666 ఎకరాలు, ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అక్కడ బస్సులో కూర్చోబెట్టి సెట్లన్నీ తిప్పుతారు, స్టంట్ షో ఉంటుంది, పక్షుల పార్కు ఉంటుంది. మా మామయ్య లాంటి వాళ్లకు అదే నచ్చింది. ఆయన ఆ విమానాశ్రయం సెట్టు ముందు చాలాసేపు నిలబడి, చెక్క ఎక్కడ మొదలైందో సిమెంటు ఎక్కడ ఆగిందో గోడను వేలితో కొట్టి కొట్టి చూశాడు. ఆయన మేస్త్రీ పని చేసిన మనిషి. కానీ ఫిల్మ్ సిటీలో నడక ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఆ సంగతి ముందే చెప్పాలి. రెండూ నగరానికి ఒకే వైపు ఉన్నాయి కదా, ఒకే రోజు చూసేద్దాం అనుకోవద్దు. రెండూ సగం సగం అవుతాయి.

ఐదేళ్ల లోపు పిల్లలు మాత్రమే ఉంటే అసలు హైదరాబాద్ పోవద్దనే అంటాను. హంటర్ రోడ్డులో కాకతీయ జూ ఉంది, భద్రకాళి చెరువు కట్ట ఉంది. కొంచెం పెద్దవాళ్లయితే లక్నవరం తీసుకుపోండి. అక్కడ వేలాడే వంతెన మీద నడిపించండి. కాళ్ల కింద వంతెన ఊగుతుంటే ఏ పిల్ల నవ్వుతుందో, ఏ పిల్లాడు మీ చీర పట్టుకుంటాడో చూస్తే రేపు వండర్‌లాలో ఎవరిని ఏది ఎక్కించాలో తెలిసిపోతుంది. మా ఇద్దరు పిల్లల సంగతీ నాకు అక్కడే తెలిసింది.

రోజు ఎంచుకోవడం, ఎత్తు కొలవడం

ఏప్రిల్, మే నెలల్లో ఆదివారాలు, దసరా సెలవులు వదిలేయండి. డిసెంబరు, జనవరి వారపు రోజులు ఖాళీగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఆ నెలల్లోనే మా బడుల బస్సులు వరుసగా దిగుతాయి. పైగా చలికి పిల్లలు నీళ్లలో నుంచి పళ్లు కొరుక్కుంటూ బయటికొస్తారు. నా వరకు బడులు తెరిచాక జులైలో ఒక మంగళవారమో బుధవారమో మంచి రోజు. వాన పడితే నీళ్ల ఆటలకు నష్టం లేదు, ఎట్లాగూ తడిసేదే. ఉరుములు, మెరుపులు ఉంటే మాత్రం ఎత్తైన రైడ్లు ఆపేస్తారు, ఆపాలి కూడా.

ఇంట్లో ఉన్న అందరి ఎత్తూ ముందురోజు కొలవండి. ఇది చాలా ముఖ్యం. వండర్‌లాలో పిల్లల టికెట్టు వయసును బట్టి ఉండదు, ఎత్తును బట్టి ఉంటుంది. ప్రతి రైడ్ దగ్గరా ఒక గీత ఉంటుంది, దాని కింద ఉన్నవాళ్లను ఎక్కించరు. మా ఆడబిడ్డ కొడుకు నెల రోజుల నుంచి రోలర్‌కోస్టర్ పేరే జపించాడు. వరుసలో ముప్పావుగంట నిలబడి ముందుకొచ్చాక గీతకు రెండు వేళ్లు తక్కువయ్యాడు. మడమలెత్తాడు, జుట్టు లేపాడు. అక్కడున్న అబ్బాయి మెల్లగా తలమీద చెయ్యి పెట్టి పక్కకు జరిపాడు. వాడు ఏడ్చిన ఏడుపు నేను మరచిపోను. ఆ అబ్బాయి చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. భుజాల మీదికి దిగే ఆ కడ్డీ పెద్ద ఒంటికి సరిపోయేలా చేసింది. చిన్న ఒంటికి, దానికి మధ్య సందు మిగిలితే ప్రమాదం.

ఇప్పుడు మా ఇంట్లో దర్వాజకు పెన్సిల్ గీతలున్నాయి. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, తల మీద అట్ట పెట్టి గీస్తాను. టికెట్లు తీసుకునేటప్పుడే ఏ రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో చూసి "ఇవి నీవి, ఇవి వచ్చే ఏడాదివి" అని ఇంట్లోనే చెప్పేస్తాను. ఇంట్లో చెబితే పిల్లలు ఒప్పుకుంటారు, వరుసలో నిలబడ్డాక చెబితే ఒప్పుకోరు.

బట్టలు

నీళ్ల ఆటలకు నూలు బట్టలు, జీన్సులు, చీరలు పనికిరావు. నైలాన్ లాంటి బట్టలే రానిస్తారు. ఇది పార్కువాళ్లు డబ్బుల కోసం పెట్టిన రూలని మా బంధువొకాయన గొడవ పెట్టుకున్నాడు. కాదు. జారుడుబల్ల మీద మనం జారేది ఫైబర్ మీద కాదు, ఫైబర్‌కూ ఒంటికీ మధ్య ఉన్న పల్చటి నీటి పొర మీద. నూలు గుడ్డ ఆ నీటిని పీల్చేసి బల్లకు అతుక్కుంటుంది, మనిషి మధ్యలో ఆగిపోతాడు. వెనక వచ్చేవాళ్లు వచ్చి గుద్దుకుంటారు. జిప్పులు, ఇనుప గుండీలు బల్లను గీకేస్తాయి. గుడ్డల పోగులు ఊడి నీళ్లు వడగట్టే యంత్రంలో చిక్కుకుంటాయి.

ఆడవాళ్లకు ఇదే పెద్ద అడ్డంకి అవుతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. "ఆ బట్టలు మేం వేసుకోం" అని ఎంతమంది అత్తలు, అమ్మలు గట్టు మీద ఆగిపోతారో! మోచేతులు, మడమలు కప్పే నిండు నైలాన్ జతలు దొరుకుతాయి. హన్మకొండ చౌరస్తాలో బట్టల షాపుల్లో అడగండి, ఎండాకాలం ముందు వస్తాయి. ముదురు రంగు తీసుకోండి. ఇంట్లోనే ఒకసారి వేసుకొని, బకెట్టు నీళ్లు పోసుకొని చూసుకోమనండి. తడిసినా ఒంటికి అంటుకోదని వాళ్లకు వాళ్లుగా తెలియాలి. అత్తమ్మ రెండోసారి మా బాత్రూంలో ఆ పరీక్ష చేసుకున్నాకే సరేనన్నది.

దారి

సొంత కారైతే హన్మకొండలో పొద్దున ఏడింటికి బయలుదేరితే చాలు. స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా రోడ్డు బాగుంటుంది. కోమళ్ల, గూడూరు దగ్గర టోల్ గేట్లు. ఊళ్లోకి పోకుండా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కి, పదమూడో నంబరు ఎగ్జిట్ రావిర్యాలలో దిగితే పార్కు అక్కడే. మోటారు సైకిళ్ల మీద వచ్చే పోరగాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి, ఔటర్ మీదికి బైకులను రానివ్వరు.

బస్సులో అయితే ఉప్పల్‌లో దిగి ఎల్బీనగర్ మీదుగా పోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా, నలుగురు ఆడవాళ్లున్న ఇంటికి ఆ మిగులు ఇద్దరి భోజనాల ఖర్చు. ఆధార్ కార్డు మరవకండి.

బడి పిల్లలతో పోయేటప్పుడు బండి మాట్లాడుకోవడం జాగ్రత్త. ఒకసారి ఒకాయనకు అడ్వాన్సు ఇచ్చి నమ్మితే, ఆరింటికి రావలసిన బస్సు తొమ్మిదింటికి వచ్చింది. నలభై మూడు మంది పిల్లలు బడి గేటు ముందు సంచులు పట్టుకొని మూడు గంటలు నిలబడ్డారు. అప్పటి నుంచి ముందురోజు సాయంత్రమే బండి బడి ఆవరణలో పెట్టాలన్న షరతు కాగితం మీద రాయించుకుంటున్నాను.

బయటి తిండి లోపలికి రానివ్వరు. పసిపిల్లల ఆహారం, మందులు వేరే సంగతి. కాబట్టి సర్వపిండి, పులిహోర భువనగిరి దాటాక ఏ చెట్టు కిందో తినేయండి. సగం కడుపే నింపండి. ఎందుకో తర్వాత చెబుతాను.

లోపల

వేళలు రోజును బట్టి మారతాయి, బుక్ చేసేటప్పుడే చూసుకోండి. తెరవగానే జనమంతా గేటు పక్కనున్న మొదటి రైడ్ మీద పడతారు. మీరు దాన్ని దాటేసి చివరికి పోయి, అక్కడి నుంచి వెనక్కి రండి. ఎండ ముదరకముందు పొడి రైడ్లు, మధ్యాహ్నం నీళ్లు, సాయంత్రం మళ్లీ మెల్లగా కదిలేవి. గిరగిరా తిప్పే రైడ్లు తిండి తిన్నాక ఎక్కొద్దు. మన చెవి లోపల ఒంటి కదలికను పసిగట్టే ద్రవం ఉంటుంది. అది "తిరుగుతున్నాం" అంటుంది, ఎదుట కూర్చున్నవాడి మొహాన్నే చూస్తున్న కళ్లు "లేదు, కదలడం లేదు" అంటాయి. ఆ రెండింటి మధ్య పేచీ వల్లే వాంతులొస్తాయి. తల తిరుగుతుంటే దూరంగా కదలని దేన్నైనా చూడండి.

ఇక వండర్‌లాలో రీకాయిల్ అనే రోలర్‌కోస్టర్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, నాకు దాని మీద ప్రేమ. మామూలు రోలర్‌కోస్టర్ ముందుకు పోతుంది. ఇది కూర్చోగానే మనల్ని వెనక్కి లాగుతుంది. వీపు వైపుగా కొండెక్కుతున్నట్టు, మొహం నేలవైపు, కింద మనుషులు చిన్నగా అవుతుంటే బరువంతా ఛాతీ మీది కడ్డీ మీద పడుతుంది. పైన ఒక్క క్షణం ఆగుతుంది. టక్ మని ఒక చప్పుడు, వదిలేస్తుంది. అక్కడి నుంచి ఇంజను లేదు, బాపు ఎక్కించిన రంగులరాట్నం కిందికి దిగేటప్పుడు పనిచేసిన గురుత్వాకర్షణే. మూడుసార్లు తలకిందులై, ఎదుటి కొండెక్కుతుంది. గాలి, పట్టాలు రాపిడితో కొంత శక్తిని తినేస్తాయి కాబట్టి తనంతట తాను బయలుదేరిన ఎత్తు దాకా పోలేదు. ఆ మిగిలిన ఎత్తుకు గొలుసు అందుకొని లాగుతుంది. మళ్లీ వదిలితే అదే దారిలో వెనక్కి, ఇంకో మూడుసార్లు తలకిందులు.

తలకిందులైతే ఎందుకు పడిపోమని పిల్లలు అడిగితే చెంబుకు తాడు కట్టి, సగం నీళ్లు పోసి గిర్రున తిప్పి చూపిస్తాను. వేగంగా తిప్పినంతసేపు ఒక్క చుక్క పడదు. ఇంకో సంగతి, ఆ చుట్టు గుండ్రంగా ఉండదు, బాగా చూడండి, నీటిచుక్క ఆకారంలో ఉంటుంది. నిజంగా గుండ్రంగా కట్టి ఉంటే, పైన పడిపోనంత వేగం రావాలంటే అడుగున మన బరువు ఆరింతలవుతుంది. అరవై కిలోల మనిషి 360 కిలోల మనిషైనట్టు. మెడ తట్టుకోదు. అందుకే పైన చుట్టును ఇరుకుగా, కింద వెడల్పుగా వంచుతారు. ఈ లెక్క పదో తరగతి పిల్లలు వేయగలరు, మావాళ్లు వేశారు.

రీకాయిల్ భయపడేవాళ్లకు కాదు. ఎవరినీ బలవంతంగా ఎక్కించొద్దు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఎక్కనంటే తోటివాళ్లు ఎగతాళి చేశారు. వాళ్లను పంపేసి నేను ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను. చేతి గడియారం ఇచ్చి, బండి ఎక్కడెక్కడ ఎన్ని సెకన్లు ఉంటుందో రాయమన్నాను. నాలుగుసార్లు రాసింది. "మేడం, ప్రతిసారి గొలుసు గాడనే పట్టుకుంటుంది" అన్నది, కళ్లు మెరుస్తూ. ఆమె ఎక్కలేదు. సోమవారం నోటుబుక్కులో ఎత్తుకూ కాలానికీ గ్రాఫు గీసుకొని వచ్చింది, ఎక్కినవాళ్లెవరూ గీయలేదు. గుండె జబ్బు, మెడనొప్పి, నడుంనొప్పి, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు బోర్డు చదివి నిజాయితీగా పక్కకు తప్పుకోవాలి. అట్లాంటి వాళ్లకు పెద్ద తెర మీద అంతరిక్షం చూపించే మిషన్ ఇంటర్‌స్టెల్లార్ ఉందనుకోకండి. అందులోనూ కుర్చీలు గాల్లో వేలాడతాయి, బోర్డు చదివే ఎక్కండి. వాళ్లకు మెల్లగా పారే నీళ్లలో తేలుతూ పోయే లేజీ రివర్ ఉంది, అలల కొలను ఒడ్డు ఉంది.

అలల కొలను

అలల కొలనులో అల ఎట్లా పుడుతుందంటే, చివరి గోడ వెనక గదులుంటాయి. వాటిలోకి గాలిని బలంగా ఊదితే లోపలి నీళ్లు కిందికి నొక్కుకుపోయి ముందుకు తన్నుకొస్తాయి. ఊదడం, వదలడం ఒక తాళంలో సాగుతుంది. అందుకే కొంతసేపు అలలు, కొంతసేపు విరామం. పిల్లల చెయ్యి విరామంలో కూడా వదలకండి.

అత్తమ్మది నర్సంపేట దగ్గర పల్లె. చెరువులు, పాకాల సరస్సు ఎరుక. సముద్రం చూడలేదు. రెండోసారి పోయినప్పుడు ముదురు నీలం నైలాన్ జత వేసుకొని, పైన తువ్వాలు కప్పుకొని, నీళ్లు మొదలయ్యే చోట కూర్చుంది. మొదటి అల వచ్చి కాళ్లు తడిపి పోయింది. ఆమె రెండు అరచేతులూ నేలకు గట్టిగా ఆనించింది. "గివి నన్ను లోపటికి గుంజుతున్నయే!" అన్నది. నా చెయ్యి పట్టుకున్నది, కానీ వెనక్కి జరగలేదు. తర్వాతి అలకు తువ్వాలు కొట్టుకుపోయింది. దాన్ని పట్టుకోవడానికి ఆమే లేచి, మోకాలి లోతు నీళ్లలోకి నడిచింది. ఆ తర్వాత గంటసేపు ఆమెను బయటికి రప్పించలేకపోయాం. రెయిన్ డిస్కో దగ్గర పాట మొదలైతే పిల్లలు పరుగెత్తారు. ఆమె మాత్రం "ఇంకో అల, ఇంకో అల" అనుకుంటూ అక్కడే.

పార్కు మూసే దాకా ఉండకండి. సాయంత్రం అరగంట ముందే లాకరు ఖాళీ చేసి, పొడి బట్టలు మార్చుకోండి. తడి జుట్టుతో ఏసీ కారెక్కితే పిల్లలు దారంతా వణుకుతారు. తిరుగుదారిలో ఆలేరు దగ్గర ఆగి చాయ్ తాగి, డ్రైవరు మొహం మీద నీళ్లు చల్లుకున్నాకే ముందుకు పోవాలి. వెనక అందరూ నిద్రపోతారు, ముందు సీట్లో ఒకరు మాట్లాడుతూ కూర్చోవాలి. మా ఇంట్లో ఆ పని నాదే.

నైలాన్ బట్టలు ఆ రాత్రే మంచినీళ్లలో రెండుసార్లు జాడించండి, కొలను నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అట్లే ఉంచితే రంగు వెలిసి సాగిపోతాయి. వేడినీళ్లు వద్దు, నీడలో ఆరేయండి. మా దండెం మీద రెండు నేత చీరల మధ్య ఆ నీలం జత వేలాడుతుంటే పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి అదెవరిదని అడిగింది. అత్తమ్మ దానికి క్లిప్పేసి సరిచేస్తూ, "నాదే. సముద్రం అంగి" అన్నది.